మానై వంగడం

మొక్కై వంగనిది మానై వంగునా అని
మా అవ్వ నా జడ లాగి అల్లుతూ అనేది.
ఇప్పుడు పలమనేరు రోడ్డు పక్క రేకుల షెడ్డులో
నాకు జీతమిచ్చేది మానైనాక వంచినందుకే.

రెండు ఇనుప దిమ్మెల మీద దూలాన్ని పడుకోబెట్టి
నడుము మీద బరువు దించుతాం,
యాభై కిలోలు, ఇంకో యాభై.
కింద సూది కదిలిన మిల్లీమీటర్లు రాసుకుంటాను.
ఎంత వంగిందన్నది ఒక లెక్క,
బరువు తీశాక ఎంత లేచిందన్నది ఇంకో లెక్క.

ఈ రోజు బంగారుపాళ్యం లోడు.
మలబారు వేప, ఏడేళ్ల చెట్లు,
టమోటా మూడుసార్లు రోడ్డు పాలయ్యాక
చెంగల్రాయులు ఎకరన్నరలో నాటినవి.
బర్మా టేకు కాదు, కొండమీది ఎర్రచందనమూ కాదు,
గోరు దిగే మెత్త కర్ర.
దీని మీద పెంకు నిలుస్తుందా అని అడగడానికి
ఆయనే లారీ ఎక్కి వచ్చాడు.
"కోళ్ల షెడ్డుకైతే నేనే ఏసేసుండును.
అంగన్‌వాడీ వరండాకమ్మా, కింద బిడ్డలుంటారు."

యంత్రానికంటే ముందు మొగిలప్పాచారి.
చెవి ఆనించి, వేలి కణుపుతో రెండు దెబ్బలు.
ముడి అంచున ఉంటే నాలుక చప్పరిస్తాడు,
నడిమధ్య ఉంటే పోనీలే అంటాడు.
నార ఏటవాలుగా పారితే సుద్దతో గీత గీసి
"ఇది ఎండ కోసం మెడ తిప్పింది" అంటాడు.
ముడి అంటే ఏముంది,
ఒకప్పుడు అక్కడో కొమ్మ,
దాన్ని అందుకోవాలని ముంగాళ్లెత్తిన ఓ మేక.
నా పట్టీలో అది ముప్పై రెండు మిల్లీమీటర్లు.

ఒకటో రకానికి నీలం, రెండుకి పచ్చ, మూడుకి ఎరుపు.
ఎరుపు పడ్డ ప్రతిసారీ చెంగల్రాయులు
తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చాడు.
మధ్యాహ్నానికి ఎనిమిది ఎరుపులు.
"ఫెయిలైనట్టేనామ్మా?"
కాదన్నాను. సెంట్రింగు చెక్కలవుతాయి,
దామలచెరువు మండీకి మామిడి పెట్టెలవుతాయి,
మోయాల్సింది తక్కువ, అంతే.
పదో తరగతి ఫలితాల రోజు మా హెడ్‌మాస్టరు
నాతో ఇదే గొంతుతో మాట్లాడాడు.
నేనప్పుడు నమ్మలేదు. ఆయనా ఇప్పుడు నమ్మలేదు.

ఇరవై ఆరో దూలం దగ్గర పేచీ.
ముడి లేదు, నెర్రె లేదు, తేమ పన్నెండు.
ఆచారి కొట్టి విని, మళ్లీ కొట్టి
"గొంతు బాగలేదు" అన్నాడు.
ఎక్కడ అంటే చెప్పలేడు.
సూది చూస్తే బుద్ధిగా కదులుతోంది.
నీలం సుద్ద నా చేతిలో మెత్తబడుతోంది.
విరిచి చూద్దామా అంటే
చెంగల్రాయులే తలూపాడు.

మూడొందల కిలోల దాకా మాట్లాడలేదు.
తర్వాత చిటచిట, నిప్పుల్లో ఉప్పు వేసినట్టు.
తర్వాత ఒక్క అరుపు.
షెడ్డు మీది పావురాలన్నీ లేచాయి.

విరిగిన నోట్లో తుప్పు తీగ.
చెట్టు దాన్ని మింగి, పైన కొత్త కర్ర కప్పుకుని
ఎవరికీ చెప్పకుండా పెరిగింది.

ఆయన రంపపు పొట్టులో కూర్చుండిపోయాడు.
"నేను కట్టిందే.
మొదటేడు తుపాను గాలికి పడిపోతాదేమోనని
గూటానికేసి బిగించినా.
ఇప్పేది మర్సిపోయినా."

ఆచారి గెలిచిన మొహం పెట్టలేదు,
బీడీ కోసం బయటికి నడిచాడు.
పుస్తకంలో కారణం అని ఒక గడి ఉంది.
ఆసరా అని రాసి, కొట్టేసి,
తీగ అని రాశాను.

తలెత్తేసరికి చెంగల్రాయులు
పేళ్లలోంచి తీగను అటూ ఇటూ వంచి ఊడదీశాడు.
మోకాలికేసి సాపు చేసి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
"పనికొస్తాది, కొత్త మొక్కలుండాయి."

ఇరవై ఏడో దూలం ఎత్తండన్నాను.